క్యాష్‌బ్యాక్ గీతి: టీకా తాత్పర్య సహితం

అవతారిక

క్రెడిట్ కార్డు ఉన్నవారికి ఎప్పుడో ఒకప్పుడు ఒక సందేశం వస్తుంది. 'ప్రియమైన కార్డుదారు గారికి' అని మొదలవుతుంది. మీకు మరింత మెరుగైన అనుభవం కలిగించే ప్రయత్నంలో భాగంగా మీ కార్డు రివార్డు నియమాలను ఫలానా తేదీ నుంచి సవరిస్తున్నాము, వివరాలకు ఇక్కడ నొక్కండి, అంటుంది. నొక్కితే తెరుచుకునే గద్యాన్ని ఆసాంతం చదివినవారు నాకింకా తారసపడలేదు. తెలుగువాడికి గద్యం జారిపోయినా పద్యం గుర్తుంటుంది కనక, అలాంటి పత్రాల సారమంతా పిండి ఒక తేటగీతిలో పోశాను. పద్యం పుట్టాక దానికి టీక రాయకపోతే దోషం.

మన మెదక్ జిల్లా కొల్చారం ఊరి పేరు ఇంటిపేరుగా గల మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాశాడు. ఈ వ్యాఖ్యాత ఆ ప్రతిజ్ఞలో మొదటి సగానికి మాత్రమే పూచీ పడుతున్నాడు.

మూలం

తే. ఐదు శాతంబు తిరిగి మీ కందజేతు
మనుచు బలికిన బ్యాంకు తా ననువు జూచి
తెల్పియో తెల్పకో మార్చు దీరులన్ని
అద్దె, నగ, ఫీజు, పెట్రోలు నందు రావు.

ప్రతిపదార్థం

ఐదు శాతంబు = నూటికి ఐదు రూపాయలు (ఎంత నూటి వరకో ఈ పాదంలో లేదు; అది పేజీ అడుగున చుక్కగుర్తు పక్కన ఉంటుంది); తిరిగి = వెనక్కి, అనగా ముందు ఖర్చు పెట్టినవారికే; మీకు = ప్రియమైన కార్డుదారులైన మీకు; అందజేతుము = ఇచ్చెదము (చేతికి కాదు, వచ్చే బిల్లులో తగ్గింపుగా); అనుచు = అని; పలికిన = హోర్డింగులమీద, క్రికెట్ మ్యాచ్ విరామాల్లో పలికినట్టి; బ్యాంకు = కార్డు ఇచ్చిన సంస్థ; తాను = మరొకరిని అడగనక్కరలేకుండా; అనువు చూచి = జనం ఆ కార్డుకు బాగా అలవాటు పడిన అదను కనిపెట్టి; తెల్పియో = సందేశం పంపియో; తెల్పకో = వెబ్‌సైట్‌లో ఒక మూల పెట్టి ఊరుకునో; తీరులన్ని = శాతాన్ని, పరిమితిని, మినహాయింపులను, విమానాశ్రయ లౌంజిని; మార్చు(ను) = మార్చును; అద్దె = ఇంటి అద్దె; నగ = బంగారం; ఫీజు = పిల్లల బడి ఫీజు; పెట్రోలు = పెట్రోలే; అందు = ఆ ఐదు శాతంలోకి; రావు = రావు.

తాత్పర్యం

ఇస్తానన్నవాడే తగ్గించగలడు. తగ్గించినప్పుడు కూడా మీ మేలుకే అంటాడు.

విశేషాలు

'మార్చును' అనే క్రియను భవిష్యత్కాలంగా తీసుకుని, 'ఇకముందు మారవచ్చునేమో' అని సరిపెట్టుకునే పాఠకులున్నారు. అది పొరపాటు. మన వ్యాకరణంలో ఇది తద్ధర్మం. నిప్పు కాల్చును, నీరు పారును, బ్యాంకు మార్చును. నిన్న, నేడు, రేపు అనే భేదం లేక వస్తువు స్వభావాన్ని చెప్పే రూపమిది. పద్యంలో శాతం మారుతుంది, పరిమితి మారుతుంది, మినహాయింపులు పెరుగుతాయి. మారనిది ఈ ఒక్క క్రియాపదమే.

మూడో పాదం చివర 'తీరులన్ని' తర్వాత 'అద్దె' దగ్గర సంధి చేయలేదేమని ఛాందసులు అడగవచ్చు. బ్యాంకుకూ ఖాతాదారుకూ మధ్య ఆ చోట సంధి కుదరలేదు. అది దోషం కాదు, ధ్వని.

అదే పాదంలో 'తెల్పకో' అనే చోట 'స్పాములో' అని ఒక పాఠాంతరం ఉంది. బ్యాంకు తెలిపినా ఆ సందేశం ఈ-మెయిల్ స్పాము గదిలో పడి ఉంటుందని దాని భావం. గణాలు చెడవు, అర్థమూ చెడదు. అనుభవజ్ఞులు ఈ పాఠాన్నే మెచ్చుకుంటారు.

ఇక అసలు చర్చ. 'ఐదు శాతంబు' అనే మాటకు ప్రమాణమేమిటి? మీమాంసకులు వేదవాక్యాలను విడదీసేటప్పుడు విధిని, అర్థవాదాన్ని వేరు చేస్తారు. ఇది చేయమని, ఇది చేయవద్దని చెప్పేది విధి. చేస్తే ఇంత ఫలం, అంత ఫలం అని ఉత్సాహపరిచేది అర్థవాదం. అర్థవాదాన్ని పట్టుకుని తగాదాకు దిగకూడదని వాళ్ళ మాట. కార్డు ప్రకటన అర్థవాదం. నిబంధనల పత్రం విధి. హోర్డింగుమీద ఉన్నదాన్ని విధి అనుకుని కౌంటరు దగ్గర వాదించేవాడు మీమాంస చదవలేదన్నమాట.

ఉదాహరణ లేని లక్షణం నిలవదు. స్టేట్ బ్యాంకు వారి కార్డుల సంస్థ 2022 సెప్టెంబరులో ఒక క్యాష్‌బ్యాక్ కార్డు తెచ్చింది. ఆన్‌లైన్‌లో ఏ దుకాణంలో కొన్నా ఐదు శాతం, బయట కొంటే ఒక శాతం. ఫలానా యాప్‌లోనే కొనాలన్న నిర్బంధం లేదు. వార్షిక రుసుము 999 రూపాయలు, పైన జీఎస్టీ. ఏడాదిలో రెండు లక్షలు ఖర్చు పెడితే ఆ రుసుమూ మాఫీ. ఒక బిల్లు కాలంలో గరిష్ఠంగా 10,000 రూపాయల దాకా వెనక్కి వచ్చేది. అప్పట్లో కార్డుల గురించి మాట్లాడుకునే నలుగురు చేరిన చోటల్లా దీని కీర్తనే. ఎనిమిది నెలలు తిరిగేసరికి, 2023 మే 1 నుంచి, ఆ 10,000 కాస్తా 5,000 అయింది. విమానాశ్రయ లౌంజి ఎగిరిపోయింది. పద్యంలోని 'అనువు' ఎంత కాలానికి కుదురుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి లక్ష్యం దొరకదు.

న్యాయంగా చెప్పాలంటే 5,000 పరిమితి సామాన్య గృహస్థుకు తగలదు. నెలకు లక్ష రూపాయలు ఆన్‌లైన్‌లో కొనేవాడికే ఆ గోడ అడ్డం. తగిలేది మినహాయింపుల జాబితా. సాధారణ విధిని ఉత్సర్గమంటారు, దానికి మినహాయింపును అపవాదమంటారు, రెండూ తలపడితే అపవాదానిదే గెలుపు. అన్ని ఆన్‌లైన్ ఖర్చులకూ ఐదు శాతం అన్నది ఉత్సర్గం. ఇప్పుడు అపవాదాలు వినండి: పెట్రోలు, అద్దె, వాలెట్లో వేసుకునే డబ్బు, కరెంటు బిల్లు, బీమా ప్రీమియం, బడి ఫీజు, నగలు, రైలు టికెట్లు. జూన్‌లో పిల్లల ఫీజు, అక్షయ తృతీయకు కాసు బంగారం, సంక్రాంతికి సికింద్రాబాద్ నుంచి ఊరికి రైలు, మధ్యలో ఎల్ఐసీ. తెలుగు సంసారంలో పెద్ద ఖర్చులన్నీ వరసగా ఆ జాబితాలో కూర్చున్నాయి. మిగిలినవి చెప్పుల జత, ఫోను కవరు, ఎవరో చెప్పారని తెప్పించి ఒక్కసారి వాడి అటకెక్కించిన జ్యూసరు. వీటిమీద ఐదు శాతం నిక్షేపంగా వస్తుంది.

ఏ ఖర్చు ఏ జాబితాలోకి వస్తుందో నిర్ణయించేది మనం కాదు, దుకాణదారూ కాదు. ప్రతి దుకాణానికీ నాలుగంకెల గోత్రం ఉంటుంది. దాన్ని వర్తక వర్గ సంఖ్య అందాం. నగల దుకాణానిది 5944, పెట్రోలు బంకుది 5541, రైళ్ళది 4112, బడిది 8211, అద్దెది 6513. బోర్డుమీద ఏమి రాసి ఉన్నా సరే, స్వైపింగ్ మిషన్ ఇచ్చిన రోజున ఏ సంఖ్య కట్టబెట్టారో అదే చెల్లుతుంది. కనక కొన్న వస్తువు పుస్తకమే అయినా, అమ్మినవారు బడి గోత్రీకులైతే క్యాష్‌బ్యాక్ ఉండదు. దీనిమీద అప్పీలుకు వెళ్ళినవారికి కాల్ సెంటర్‌లో సంగీతం వినిపిస్తారు.

ఇదే పద్యానికి వేరే ఉదాహరణలూ ఉన్నాయి. 2020లో గూగుల్ పేతో కలిసి యాక్సిస్ బ్యాంకు ఇచ్చిన ఏస్ కార్డుకు మామూలు ఖర్చులమీద రెండు శాతం వచ్చేది. 2024లో అది ఒకటిన్నర అయింది. కథ అదే కనక విస్తరించను.

వంశ చరిత్ర కోరేవారికి రెండు మాటలు. క్యాష్‌బ్యాక్‌ను జనంలోకి తెచ్చింది 1986లో అమెరికాలో సియర్స్ సంస్థ విడుదల చేసిన డిస్కవర్ కార్డు. అక్కడి మనవాళ్ళు, డాలస్ వారూ న్యూజెర్సీ వారూ, ఐదు శాతం కోసం ప్రబంధ కవుల్లాగే ఋతువర్ణన చేస్తారు. డిస్కవర్, చేజ్ ఫ్రీడమ్ కార్డుల్లో మూడు నెలలకోసారి వర్గం మారుతుంది. ఒక ఋతువులో కిరాణా, మరో ఋతువులో పెట్రోలు, ఇంకోసారి హోటళ్ళు. మూడు నెలలకు 1,500 డాలర్ల ఖర్చు దాకానే ఆ ఐదు శాతం, అంటే దక్కేది 75 డాలర్లు. ఋతువుకోసారి బటన్ నొక్కి ఒప్పుకోకపోతే అదీ లేదు. మన దగ్గర నియమం మారితే మోసమంటాం. అక్కడ మూడు నెలలకోసారి మారడమే నియమం, కనక ఎవరూ ఏమీ అనరు.

అలంకారం: 'మెరుగైన అనుభవం కోసం' అని చెప్పి లౌంజి తీసెయ్యడంలో అపహ్నుతి. ఉన్నదాన్ని కాదని మరొకటని చెప్పడం దాని లక్షణం. ఇది తగ్గింపు కాదు, మెరుగుదల. లక్షణ గ్రంథాలకు ఇక కొత్త ఉదాహరణ వెతకనక్కరలేదు.

శంకా సమాధానాలు

శంక: బ్యాంకు నూటికి ఐదు రూపాయలు ఎక్కణ్ణుంచి తెచ్చి ఇస్తుంది?

సమాధానం: కార్డు గీసినప్పుడల్లా దుకాణదారు కొంత శాతం వదులుకుంటాడు. 'కార్డయితే టూ పర్సెంట్ ఎక్స్‌ట్రా సార్' అని ఆయన అనేది అందుకే. కాని ఆ రెండులోంచి ఐదు రాదు. మిగతాది ఇచ్చేవాడు మరొకడున్నాడు. బిల్లు పూర్తిగా కట్టక 'కనీస మొత్తం' కట్టి హమ్మయ్య అనుకునేవాడు. చాలా కార్డుల వడ్డీ నెలకు 3.5 శాతం, లేదా అంతకంటే ఎక్కువ. 3.5 అనుకున్నా ఏడాదికి 42. మీరు 20,000 ఖర్చు పెట్టి 1,000 వెనక్కి తెచ్చుకున్నారనుకోండి. ఆ బాకీ ఒక్క నెల నిలిపితే వడ్డీ 700, వడ్డీమీద జీఎస్టీ 126, వెరసి 826. రెండో నెలకు ఆ వెయ్యి పోయి ఇంకా మీరే ఎదురు బాకీ. అద్దె ఇంటి సుబ్బారావు కట్టే వడ్డీలోంచే సొంతింటి సుబ్బారావుకు క్యాష్‌బ్యాక్ వస్తోంది. ఈ ఏర్పాటులో బ్యాంకుది పంపిణీదారు పాత్ర, కమీషను మినహాయించుకుని.

శంక: తెలపకుండా మార్చడం చెల్లుతుందా? పైన ధర్మప్రభువు లేడా?

సమాధానం: ఉన్నాడు. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్‌లో కార్డుల జారీమీద ఆదేశాలిచ్చింది. ఛార్జీలు మార్చాలంటే కనీసం నెల ముందు తెలపాలి, మార్పు ఆ తర్వాతి కాలానికే వర్తించాలి, ఆ మార్పు నచ్చక కార్డు వదులుకునేవారి దగ్గర దానికి అదనపు రుసుము తీసుకోకూడదు, అంది. అయితే టీకాకారుడు మూలానికి కట్టుబడాలి. ఆ వాక్యంలో ఉన్నది 'ఛార్జీలు'. క్యాష్‌బ్యాక్ తగ్గడం ఛార్జీ పెరగడమేనని మనకనిపిస్తుంది. బ్యాంకుకు అనిపించదు. మంచి బ్యాంకులు దీనికీ ముందే సందేశం పంపుతున్నాయి. పంపినప్పుడు చదవడం మన వంతు.

శంక: అయితే కార్డు ఉంచుకోవాలా, వదిలెయ్యాలా?

సమాధానం: కవిత్వం పక్కనపెట్టి కూడిక వేసుకోండి. స్టేట్ బ్యాంకు వారి కార్డుకు 999 రుసుము, జీఎస్టీతో 1,178 రూపాయల 82 పైసలు. ఐదు శాతం వచ్చే ఖర్చు ఏడాదికి 23,600 దాటితే రుసుము గిట్టుబాటవుతుంది. ఒక శాతమే వచ్చే ఖర్చయితే లక్షా పద్దెనిమిది వేలు కావాలి. మినహాయింపులు తీసేశాక మీ ఖర్చు ఇందులో ఎటు పడుతుందో చూడండి. గడువులోగా బిల్లు మొత్తం కట్టే అలవాటుండి, లెక్క మీ వైపు తేలితే నిశ్చింతగా ఉంచుకోండి. క్యాష్‌బ్యాక్ కోసం జ్యూసరు కొనేవారు మాత్రం వదిలెయ్యడమే మంచిది.

వదిలేవారు ఊరికే కార్డును కత్తెరతో ముక్కలు చేస్తే చాలదు. అలా చేస్తే ఖాతా బతికే ఉంటుంది, వచ్చే ఏడాది రుసుమూ పడుతుంది. ముందు బాకీ అణా పైసలతో తీర్చి, రావలసిన క్యాష్‌బ్యాక్ బిల్లులో జమ అయిందో లేదో చూసుకుని, అప్పుడు రాతపూర్వకంగా మూసివేత కోరండి. అవే ఆదేశాల ప్రకారం బాకీ లేని కార్డును ఏడు పనిదినాల్లో మూసెయ్యాలి. అది దాటితే మూసేదాకా రోజుకు 500 రూపాయల చొప్పున మీకు బ్యాంకే చెల్లించాలి. దీనికి గరిష్ఠ పరిమితి లేదు, వర్గ సంఖ్య అడగరు.