అడగకుండా అనలిస్టు కావడం ఎలా?

సిస్టమ్స్ అనలిస్టు శిక్షణకు మంచి స్కూలు వెతుక్కునేవారికి మొదటి నియమం: సిస్టమ్స్ అనలిస్టు రోజంతా ఏం చేస్తాడో పొరపాటున కూడా తెలుసుకోకండి. తెలిస్తే చిక్కే. ఒక ఆఫీసులో కాగితం ఎక్కడ పుట్టి, ఎన్ని చేతులు మారి, ఎక్కడ ఆగిపోతోందో ఆరా తీయడం ఆయన పని. అక్కడివాళ్లు కావాలని అడిగేదేమిటి, నిజంగా వాళ్లకు కావలసిందేమిటి అని పట్టుకుని, ప్రోగ్రామర్లకు అర్థమయ్యేలా రాసిపెట్టడం ఆయన పని. అంటే జీతం తీసుకుని ప్రశ్నలు అడగడం. ఇది తెలిసిందంటే మీరు స్కూలువాళ్లనే అడగడం మొదలుపెడతారు. ఆ పోటుకు ఏ స్కూలు తట్టుకుంటుంది?

కాబట్టి ఏమీ తెలియకుండానే, అనలిస్టు కాబోయే మీ అమ్మాయిని వెంటబెట్టుకుని చెన్నైలోని అంబత్తూరు స్కూళ్లకు రైలెక్కండి. రేణిగుంట వైపు నుంచి వచ్చేవారికి దారి సులువు. అరక్కోణంలో లోకల్ మారితే తిరువళ్లూరు, ఆవడి దాటి అంబత్తూరు. దారిలో తిరుత్తణి వస్తుంది. 1960లో సరిహద్దుల సర్దుబాటులో అది మద్రాసు రాష్ట్రానికి పోయిన సంగతి పెద్దవాళ్లు ఇంకా మరిచిపోలేదు. పెట్టెలో అలాంటి పెద్దాయన ఒకరైనా దొరక్కపోరు. ఆ చర్చలో దిగితే పొద్దు తెలియదు, స్కూలు గురించి ఆలోచించే ప్రమాదమూ తప్పుతుంది.

అంబత్తూరు పారిశ్రామికవాడ మొత్తాన్ని మాత్రం అమ్మాయి కంట పడనివ్వకండి. 1960లలో సర్కారు పెట్టిన వాడ అది. వెయ్యి ఎకరాల పైచిలుకు స్థలం, వెయ్యికి పైగా చిన్నాపెద్దా యూనిట్లు. ఒకప్పుడు సైకిళ్లకూ టైర్లకూ పేరుపడ్డ ఊరు, ఇప్పటికీ మోటారు విడిభాగాల ఊరు. అదే వాడలో హెచ్‌సీఎల్ లాంటి సాఫ్ట్‌వేర్ కంపెనీలూ వెలిశాయి. మీరు వచ్చింది ఆ అద్దాల భవనాల కోసం గనక వాటినే చూపించండి. పక్కనున్న రేకుల షెడ్డులోకి తొంగి చూస్తే పిల్ల చెడిపోతుంది.

ఎందుకంటే ఆ షెడ్డులో జరిగేది ఇది. పెద్ద కంపెనీ నుంచి డ్రాయింగు వస్తుంది. ఇనుప కడ్డీలు దిగుతాయి. లేత్ మీద కోత అయ్యాక ముక్కలు ప్లేటింగ్‌కు ఇంకో షెడ్డుకు వెళతాయి, డెలివరీ చలాన్ మీద. వెళ్లినవి అయిదొందలు, తిరిగొచ్చినవి నాలుగొందల అరవై. మిగతా నలభై ఏమయ్యాయి? రిజెక్షన్ అంటాడు ప్లేటింగ్ వాడు. లెక్క తప్పంటాడు సూపర్‌వైజరు. కంప్యూటర్లో మాత్రం అయిదొందలూ భద్రంగా ఉంటాయి. నిజం తెలిసినవాడు స్టోర్ కీపర్ ఒక్కడే. ఆయన దాన్ని చలాన్ పుస్తకం వెనక అట్ట మీద పెన్సిల్‌తో రాసుకుని ఉంటాడు. ఆ అట్ట దాకా వెళ్లగలిగిన మనిషి సిస్టమ్స్ అనలిస్టు. మన పిల్లకు ఈ గ్రీజు మరకలెందుకు? ఏసీ ల్యాబ్ ఉండగా!

బోర్డును బట్టి స్కూలు ఎంచుకోవాలి. మెట్ల పక్కన, మందుల షాపు పైన, ఫ్లెక్సీ ఎంత పెద్దదైతే చదువు అంత గొప్పది. ఫ్లెక్సీ మీద నవ్వుతున్న ముఖాలు లెక్కపెట్టండి. ఆ ముఖాలవారు ఏ కోర్సు చదివారో, ఎన్ని నెలలు చదివారో, అసలు అక్కడ చదివారో లేదో అడగొద్దు. ఇక్కడ ఒక అసౌకర్యం ఉంది. 2024 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ కోచింగ్ ప్రకటనలకు మార్గదర్శకాలు తెచ్చింది. ఉద్యోగం గ్యారంటీ అని చెప్పకూడదట. నెగ్గినవారి ఫొటో వేయాలంటే, నెగ్గిన తరవాత వారి నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలట. ఫొటో పక్కన కోర్సు పేరూ కాలమూ వేయాలట. ఇలాంటివి చదివి మనసు పాడుచేసుకోకండి. గొర్రె కసాయివాణ్ణి నమ్మడానికి మార్గదర్శకాలు అడిగిందా?

లోపల కౌన్సెలర్ ఉంటారు. మీరు తెలుగువారని చెప్పు విడిచే తీరులోనే పసిగట్టి, తెలుగులోనే పలకరిస్తారు.

"రండి సార్, కూర్చోండి. మీరేం వర్రీ కావద్దు. హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్."

"అంటే ఉద్యోగమాండీ, ఇంటర్వ్యూకు పంపడమా?" అని మీ అమ్మాయి అడుగుతుంది.

"ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్ మా."

"పోయిన బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమందికి వచ్చాయి?"

"అది డేటా మా. మేనేజ్‌మెంట్ దగ్గర ఉంటది."

"సరే, సిస్టమ్స్ అనలిసిస్ చెప్పే సారు ఎక్కడైనా అనలిస్టుగా పనిచేశారా?"

ఇక్కడ మీరు కల్పించుకోవాలి. "నువ్వూరుకో తల్లీ, పెద్దవాళ్లం మాట్లాడుతున్నాంగా" అని గట్టిగా అనండి. చూశారుగా ప్రమాదం! ఆ పిల్ల అయిదు నిమిషాల్లో మూడు ప్రశ్నలు అడిగింది, మూడూ వరసలో అడిగింది, ఒకదాని జవాబులో దొరికిన సందులోంచి రెండోది లాగింది. ఏ స్కూలూ నేర్పకముందే ఇలా తయారైతే ఫీజు దేనికి కట్టినట్టు? చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ లోకువ దక్కాలంటే కాస్త ఓపిక పట్టి వినాలి.

సిలబస్ కాగితం ఇస్తారు. తూచి చూడండి. భాషల పేర్లు, క్లౌడ్ పేర్లు, ఏఐ అనే రెండక్షరాలు ప్రతి పేజీలోనూ ఉంటే బరువు సరిపోయినట్టే. పీటర్ చెన్ 1976లో ప్రతిపాదించిన ఎంటిటీ-రిలేషన్‌షిప్ చిత్రాలు, 1978లో టామ్ డిమార్కో పుస్తకంతో వ్యాపించిన డేటా ఫ్లో చిత్రాలు ఎక్కడైనా కనిపిస్తే ఆ స్కూలు వెనకబడిందని గుర్తు. వాటికి కాగితం, పెన్సిలు, రబ్బరు చాలు. రబ్బరు మరీ ముఖ్యం, మొదటి బొమ్మ ఎప్పుడూ తప్పే వస్తుంది గనక. రబ్బరు వాడటం నేర్పడానికి పద్దెనిమిది శాతం జీఎస్టీతో ఎవరైనా డబ్బు కడతారా?

ఈ వృత్తి పుట్టుక గురించి ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకోండి, ఎందుకంటే అది టీకొట్టులో పుట్టింది. ఇంగ్లండులో జె. లయన్స్ అని టీషాపులూ బేకరీలూ నడిపే కంపెనీ ఉండేది. వాళ్లు సొంతంగా లియో అనే కంప్యూటర్ కట్టుకుని 1951లో దానితో బేకరీ లెక్కలు వేయించారు. వ్యాపారం పనికి కంప్యూటర్‌ను క్రమం తప్పకుండా వాడటం అక్కడే మొదలైంది. ఏ పనిని ఎలా విడగొట్టి యంత్రానికి అప్పజెప్పాలో చూసినవాడు డేవిడ్ కామినర్. 1936లో ఆ కంపెనీలోనే ట్రైనీగా చేరిన మనిషి. ప్రపంచంలో మొదటి సిస్టమ్స్ అనలిస్టు ఆయనేనని చాలామంది అంటారు. ప్రతి టీషాపుకూ రేపటికి ఎన్ని బన్నులు, ఎన్ని కేకులు పంపాలన్నది వాళ్ల సమస్య. మొత్తం జాబితా రోజూ పంపమని అడగలేదు. షాపుకో మామూలు ఆర్డరు కంప్యూటర్లో ఉంచారు. షాపు నడిపే ఆవిడ ఫోన్లో, రేపటికి మామూలుకన్నా ఏవి ఎక్కువ, ఏవి తక్కువ అన్నంత వరకే చెప్పేది. అవతల ఫోన్లో ఉన్న అమ్మాయి వింటూ వింటూనే కార్డు మీద పంచ్ చేసేది. యంత్రం పెద్దదైనందుకు కలిసొచ్చింది కాదది. టీషాపావిడకు ఎంత తీరిక ఉంటుందో ఎవరో కనుక్కున్నందుకు కలిసొచ్చింది.

అంబత్తూరులో తీగబుట్టలో గ్లాసులు పెట్టుకుని షెడ్లన్నీ తిరిగే టీ కుర్రాణ్ణి ఆపి అడిగితే, లియో పద్ధతి అరక్షణంలో చెబుతాడు. ఏ షెడ్డుకు మామూలుగా ఎన్ని టీలో వాడి నోట్లో ఉంటుంది. మార్పు ఉంటేనే కేకేస్తారు. అయితే వాడి దగ్గర సర్టిఫికెట్ లేదు కాబట్టి అడగొద్దు.

సర్టిఫికెట్ సంగతికి వద్దాం. ఐఎస్ఓ ముద్ర ఉంటే కళ్లకద్దుకోండి. పేపర్లూ ఫైళ్లూ ఒక పద్ధతిగా పెట్టుకున్నారని చెప్పే ముద్ర అది. పాఠం బాగుందని అది ఎక్కడా అనదు, అననిదాన్ని మనమే అనుకుంటే తృప్తి. సర్కారీ దారుల జోలికి అసలు పోకండి. అన్నా యూనివర్సిటీలో ఎంసీఏ చదవాలంటే ప్రవేశపరీక్ష రాయాలి, రాయాలంటే చదవాలి. ఒకప్పటి డోయాక్, ఇప్పటి నీలిట్‌కు చెన్నైలో కేంద్రమే ఉంది. వాళ్ల బి లెవెల్ కోర్సును కేంద్ర ప్రభుత్వోద్యోగాలకు ఎంసీఏతో సమానంగా గుర్తించారు. ఏం లాభం, పరీక్షలో ఫెయిల్ చేస్తారు! ఫెయిల్ చేసే స్కూలు ఒక స్కూలా? ఐఐటీ మద్రాసు 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డిగ్రీ ఇంట్లో కూర్చుని చదవొచ్చు, పరీక్షకు మాత్రం కేంద్రానికి వెళ్లి కూర్చోవాలి. ఇక ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పాఠాలు ఉచితం, పరీక్ష రాస్తేనే రుసుము. ఉచితమని తెలిసి కూడా చూశారంటే చుట్టాల్లో మీ పరువేం కాను?

చుట్టాలన్నాను కదా. ఎవరో ఒక బావమరిది ఉంటాడు, "ఇదంతా ఎందుకు బావా, అమీర్‌పేట పంపించు" అంటాడు. హైదరాబాద్‌లో మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల మూడు నెలల్లో మనిషిని మార్చి పంపిస్తారన్నది ఆయన నమ్మకం. నిజం చెప్పాలంటే అక్కడ చవగ్గా, గట్టిగా చెప్పిన మాస్టర్లు చాలామంది ఉన్నారు, వారి పాఠాలతో ఉద్యోగాలు తెచ్చుకున్నవారూ ఉన్నారు. అదొక్కటీ వదిలేసి, బావమరిది మెచ్చుకునేది ఇంకోటి: చేయని ఉద్యోగానికి మూడేళ్ల అనుభవం రాయించుకోవడం. సిస్టమ్స్ అనలిస్టుకు ఇది మరీ శోభ. ఉన్న వ్యవస్థను చూసి రాయాల్సినవాడు లేని వ్యవస్థను రాయడంతో వృత్తి మొదలుపెడతాడు. బ్యాక్‌గ్రౌండ్ చెక్ అని ఒకటుందని, అది ఉద్యోగంలో చేరిన ఆరు నెలలకు కూడా రావచ్చని బావమరిదికి తెలియదు. మీరూ చెప్పకండి.

డెమో క్లాసు తప్పక వినండి. డెమో చెప్పే సారు బ్యాచ్‌కు వస్తాడా అని మీ అమ్మాయి చెవిలో గుసగుసలాడుతుంది. ఈపాటికి మీకు అలవాటై ఉండాలి.

చివరిగా ఫీజు. ఇవాళే కడితే డిస్కౌంటు, రేపైతే లేదు అంటారు. రేపు పొద్దున కూడా ఇదే మాట అంటారన్న ఊహ రానివ్వకండి. ఇన్‌స్టాల్‌మెంట్‌లో కడతామంటే ఈఎంఐ ఫారం ఇస్తారు. అందులో అప్పిచ్చేది స్కూలు కాదు, వేరే ఫైనాన్స్ కంపెనీ. స్కూలుకు డబ్బు మొత్తం మొదటి నెలలోనే అందుతుంది, మీకు పాఠం ఆరు నెలల మీద అందుతుంది, స్కూలు నడుమ మూతపడినా కంతులు మాత్రం మీ ఖాతాలోంచి కోతపడుతూనే ఉంటాయి. ఎవరి నుంచి ఎవరికి, ఏ తేదీన, ఏ షరతు మీద అని బాణాలు గీసి మీ అమ్మాయి ఆ ఫారం వెనకే బొమ్మ వేయబోతుంది. పెన్సిల్ లాక్కోండి. కోర్సులో చేరకముందే ప్రాజెక్టు పూర్తిచేస్తే ఎలా?

సంతకం పెట్టాక రసీదు ఇస్తారు. దాన్ని మడిచి జేబులో పెట్టుకోండి, చదవకండి. కింద చిన్న అక్షరాల్లో, చెల్లించిన ఫీజు ఏ పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వబడదనీ, బ్యాచ్ మార్పులు యాజమాన్యం ఇష్టమనీ, ప్లేస్‌మెంట్ అంటే సమాచారం అందించడం మాత్రమేననీ రాసి ఉంటుంది. సందేహానికి తావు లేకుండా, ఒక్కో షరతూ విడివిడిగా, ఎవరికేం కావాలో ముందే కనుక్కుని రాసిన పత్రం ఆ స్కూలు మొత్తంలో అదొక్కటే. దాన్ని రాసినవారెవరో పాఠం చెప్పడానికి మాత్రం రారు.