ప్రహరీగోడా, బ్రేకరా?

హైదరాబాద్ పడమటి కొసన మా కాలనీ. పక్కనే మాల్ లేచింది. సినిమాకి టైమైపోయినవాళ్లకి ఫోన్‌లో మ్యాపు మా సందునే రాచబాటగా చూపిస్తోంది. అర్జీలు పెట్టగా పెట్టగా, ఓ రాత్రి స్పీడ్ బ్రేకర్ వెలిసింది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి లెక్క ప్రకారం ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి, 25 కిలోమీటర్ల వేగంతో సాఫీగా దాటగలగాలి. 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డుండాలి. మాదానికి తెల్లగీతైనా లేదు. వాలకం చూస్తే, తారు పోసినాయన ప్రహరీగోడ కాంట్రాక్టనుకున్నట్టుంది!

మాల్‌కెళ్లే పెద్దకార్లు దాన్ని లెక్కచెయ్యవు, ఎగిరి దూకుతాయి. విరిగేది స్కూటర్ వెనక కూర్చున్న మామ్మగారి నడుమే.

అన్నట్టు, మాల్ మూడో అంతస్తులో ఎముకల డాక్టరుగారు దిగారు. ఆయన బోర్డు మాత్రం 40 మీటర్ల ముందే కనిపిస్తోంది.