స్టార్ మాస్టారు

పదో తరగతి జీవశాస్త్రానికి ప్రతి ఊళ్లోనూ ఇలాంటి మాస్టారు ఒకరుంటారు. చేతిలో ఎర్ర పెన్ను, నోట్లో వెయిటేజీ. పుస్తకం తెరవగానే ప్రశ్నల పక్కన స్టార్లు పెట్టేస్తారు. ఒకటంటే చూసుకో, రెండంటే చదువుకో, మూడంటే నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పాలి. నెఫ్రాన్‌కు మూడు, గుండె బొమ్మకు మూడు. "సార్, బొమ్మలో ఎడమ జఠరిక కుడివైపు ఉందేంటి?" అని ఎవడైనా లేచాడా, "అదంతే. లేబుల్ రాసుకో, అర మార్కు" అంటారు. మనకు ఎదురుగా నిలబడ్డ మనిషి గుండెను గీస్తారన్న సంగతికి స్టార్ లేదు మరి.

ద్రవాభిసరణం నిర్వచనం ఆయన నోటే వినాలి. విచక్షణాత్వచం గుండా నీటి అణువులు తక్కువ గాఢత నుంచి ఎక్కువ గాఢత వైపు... కామా కూడా జారదు. ఎండాకాలం ఇంట్లో మాగాయ పెట్టారు. చెక్కు తీసిన ముక్కలకు ఉప్పూ పసుపూ కలిపి జాడీకెత్తారు. మర్నాడు మూత తీసిన మాస్టారు ఇల్లెగిరిపోయేలా కేకలు: "జాడీ తుడవకుండానే పెట్టావా? ఇన్ని నీళ్లెక్కడివి? బూజు పట్టదూ!"

"ఊటండీ. ఉప్పేస్తే ముక్క నీరొదలదా?" అందావిడ. ఏడో తరగతితో చదువాపేసిన మనిషి. ఉప్పులోనే ఏదో కల్తీ ఉందని ఆయన చొక్కా తగిలించుకుని కిరాణా కొట్టుకు బయల్దేరారు.

రాత్రయితే పడగ్గదిలోని మనీప్లాంటు కుండీని వరండాలోకి మోసుకెళ్లడం ఇంకో డ్యూటీ. మొక్క రాత్రిళ్లు బొగ్గుపులుసు వాయువు వదులుతుందట. అది పగలూ శ్వాసిస్తూనే ఉంటుంది, ఎండలో కిరణజన్య సంయోగక్రియ జోరులో బయటపడదంతే. అయినా తలుపులు బిగించుకుని అదే గదిలో ఇద్దరు మనవరాళ్లతో సహా నలుగురు పడుకుంటారు. వాళ్లు వదిలే దాని ముందు ఆ తీగ వదిలేదెంత?

ఉన్నమాట చెప్పుకోవాలి, ఆయన దగ్గర చదివి తప్పినవాడు లేడు.

మొన్న కోడలికి మూడోసారీ ఆడపిల్లే. "అమ్మాయి జాతకం ఓసారి చూపించాలి" అని మాస్టారు గొణిగారు. ఆ కోడలు ఒకప్పుడు ఆయన ట్యూషన్ పిల్లే.

"మావయ్యగారూ, తల్లి నుంచి ఎప్పుడూ ఎక్సే వస్తుంది, వై ఇవ్వాల్సింది తండ్రేనని మూడు స్టార్లు పెట్టి మరీ మాచేత బట్టీ పట్టించారు కదండీ?"

"అది పరీక్షకమ్మా!" అన్నారాయన.