కడిగినా పోని హైపోకి ఒక బహిరంగ లేఖ

హైపోకి,

ఫోటో చెడకుండా నిలిపే ఫిక్సర్ ఉప్పువి నువ్వు. నీతో నాకు పాత పరిచయం. డబ్బా వంపితే కలకండ పలుకుల్లా గలగలా రాలతావు. నీళ్లలో కలుపుతుంటే గ్లాసు చల్లబడి చేతికి జిల్లుమంటుంది. వెండి లవణాలను నువ్వు కరిగిస్తావని జాన్ హెర్షెల్ 1819లో కనిపెట్టాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఫోటోగ్రఫీ పుట్టినప్పుడు ఆ సంగతే అక్కరకొచ్చింది. నువ్వు లేకపోతే డార్క్‌రూమ్‌లో తేలిన బొమ్మ వెలుతురులోకి రాగానే నల్లబడటం మొదలుపెట్టేది. ఆ మేలు నేను మరిచిపోలేదు. ఈ లేఖ ట్రేలో పనిచేసే నీకు కాదు. పని అయిపోయాక కూడా కాగితం పోగుల్లో నక్కి ఉండిపోయే నీకు.

నేను మొదటిసారి సొంతంగా సెపియా టోనర్ కలుపుకున్న రోజు నీకు గుర్తు చేస్తాను. ఎంచుకున్నది అమ్మ ఫోటో. కిటికీ పక్కన కూర్చుని ఉంది, తెల్ల నేత చీర, నుదుటి పక్కన నెరిసిన వెంట్రుకలు నాలుగు ఎండకి మెరుస్తున్నాయి. మందపాటి ఫైబర్ పేపర్ మీద ప్రింటు వేశాను. ఆ రోజు కుళాయి రాలేదు. ప్రింటుని నీలోంచి తీసి బకెట్ నీళ్లలో పది నిమిషాలు అటూ ఇటూ ఆడించి, చాల్లే అనుకున్నాను.

ముందు బ్లీచ్: లీటరు నీళ్లకి పొటాషియం ఫెర్రిసయనైడ్ 30 గ్రాములు, పొటాషియం బ్రోమైడ్ 30 గ్రాములు. ఆ పసుపుపచ్చని నీళ్లలో ప్రింటు మెల్లగా పాలిపోయి లేత గడ్డి రంగుకి వచ్చింది. అలా రావాలి కూడా. నల్లటి వెండి అక్కడ సిల్వర్ బ్రోమైడ్‌గా మారుతుంది. తర్వాతి ట్రేలో థయోయూరియా, కాస్టిక్ సోడా కలిపిన టోనర్ దాన్ని సిల్వర్ సల్ఫైడ్‌గా మార్చి, బొమ్మని గోధుమ రంగులో తిరిగి తెస్తుంది. తెచ్చింది కూడా. కళ్లు, జడ, కుర్చీ చేతులు, కిటికీ చువ్వలు కొత్త చింతపండు రంగులో ఒక్కొక్కటే తేలాయి. చీర మడతలు మాత్రం రాలేదు. నెరిసిన వెంట్రుకలూ రాలేదు. అక్కడ ఉత్త కాగితం మిగిలింది.

కారణం ఆ తర్వాత తెలిసింది. ఫెర్రిసయనైడ్, నువ్వు ఒకచోట చేరితే వెండిని కరిగించేస్తారు. 1880ల్లో హోవార్డ్ ఫార్మర్ చెప్పిన మందు అదే. మరీ నల్లబడ్డ నెగెటివ్‌ని, ప్రింటుని పలచబరచడానికి ఇప్పటికీ ఫార్మర్స్ రెడ్యూసర్ అనే పేరుతో వాడతారు. నేను కలిపింది టోనర్ ముందు వాడే బ్లీచ్. కాగితంలో దాక్కున్న నువ్వు దాన్ని రెడ్యూసర్ చేసేశావు. తెలుపుకి దగ్గరగా ఉన్న చోట్ల వెండి పలచన కాబట్టి ముందు అక్కడే తినేశావు. వెండే లేని చోట టోనర్ ఏం చేయగలదు?

నీ మీద ఫిర్యాదు నాది ఒక్కదానిదే కాదు. ఫోటోలు వెలిసిపోతున్నాయన్న దిగులుతో 1855లో లండన్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఒక కమిటీ వేసింది. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ దానికి 50 పౌండ్లు ఇచ్చాడు. సరిగా కడగని ప్రింట్లలో మిగిలిపోయిన నువ్వే ముఖ్య దోషివని ఆ కమిటీ తేల్చింది. మన ఇళ్ల గోడల మీద తాతల నాటి పెళ్లి ఫోటోలు మరకలు మరకలుగా పసుపెక్కుతుంటే, చాలా వాటిలో నీ చెయ్యి ఉంది.

బాధ ఏమిటంటే, నువ్వు తెచ్చేదీ నా టోనర్ తెచ్చేదీ ఒకటే గంధకం. టోనర్‌లో అది కొలతగా, బొమ్మంతటా సమంగా వెండిని పట్టుకుంటుంది. అలా పుట్టిన సిల్వర్ సల్ఫైడ్ మామూలు వెండికన్నా గట్టిగా గాలినీ కాలాన్నీ తట్టుకుంటుంది. నువ్వు మాత్రం ఏళ్ల తరబడి, ఎక్కడ మిగిలితే అక్కడ, ముఖం అనీ చూడకుండా కొరుకుతావు.

మా ఊళ్లలో రీలు అయిపోతే స్టూడియోకి పంపుతూ "కడిగించుకురా" అనేవారు. ఫోటో చేయడమంతా ఆ ఒక్క మాటలోనే ఉండేది. చిన్నప్పుడు విన్న ఆ మాట ఎంత నిజమో అమ్మ ప్రింటు పోయాక తెలిసింది. టోనర్ గొప్పతనం సీసాలో ఉందనుకుని గ్రాములు తూచాను. సగం గొప్పతనం అంతకుముందు కడగడంలో ఉంది.

అందుకే ఇప్పుడు నిన్ను ఇలా సాగనంపుతున్నాను. ఫిక్సర్ రెండు ట్రేలు పెడతాను, రెండోది ఎప్పుడూ కొత్తది. అరిగిపోయిన ఫిక్సర్‌లో పుట్టే వెండి లవణాలు ఎంత కడిగినా వదలవు మరి. ఐదు నిమిషాలు నీళ్లలో కడిగి, లీటరుకి 20 గ్రాముల సోడియం సల్ఫైట్ కలిపిన నీళ్లలో పది నిమిషాలు ఉంచుతాను. పోగుల్ని పట్టుకున్న నిన్ను ఆ ఉప్పు విడిపిస్తుంది. తర్వాత ట్రేలో మంచినీళ్లు పోసి, ఐదైదు నిమిషాలకోసారి మారుస్తూ పది సార్లు. కుళాయి ధాటికి బయటికి వచ్చేదానివి కాదు నువ్వు. నీళ్లలోకి నెమ్మదిగా ఊరుతూ వస్తావు. కాబట్టి నీళ్లు తక్కువున్న ఇంట్లో కూడా ఓపిక ఉంటే చాలు. చివర్లో ప్రింటు అంచున, బొమ్మ లేని చోట, ఎసిటిక్ యాసిడ్ కలిపిన సిల్వర్ నైట్రేట్ ఒక్క చుక్క. రెండు నిమిషాలకి చుక్క కింద మరక ముదిరితే నువ్వింకా ఉన్నట్టే, మళ్లీ కడుగుతాను.

ఈ లేఖ చదివి టోనర్ కలుపుకోబోయేవాళ్లకి ఒక మాట. థయోయూరియాకి, కాస్టిక్‌కి చేతి తొడుగులు తప్పనిసరి, గదిలో గాలి ఆడాలి. ఫెర్రిసయనైడ్ దగ్గరికి గాఢ యాసిడ్ రానివ్వకండి, విషవాయువు పుడుతుంది. కాస్టిక్ పాలు పెంచితే గోధుమ ముదురుతుంది, తగ్గిస్తే పసుపు వైపు తిరుగుతుంది. ఆ రంగుల ఆట ఎంతైనా ఆడుకోండి, ముందు చుక్క పరీక్ష చేశాకే.

అమ్మ ఇప్పుడు లేదు. నెగెటివ్ ఉంది. పోయిన చలికాలంలో మళ్లీ ప్రింటు వేశాను. నీళ్లు పది సార్లు మార్చి, చుక్క వేసి, మరక లేత మీగడ రంగు దగ్గరే ఆగిందని చూసుకున్నాకే ఫెర్రిసయనైడ్‌లో దించాను. టోనర్‌లో ముందు కళ్లు వచ్చాయి, తర్వాత జడ. ఊపిరి బిగబట్టి నుదుటి పక్కనే చూస్తున్నాను. సన్నగా, లేత గోధుమ గీతల్లా, ఆ నాలుగు వెంట్రుకలూ వచ్చాయి.

నీ పని నువ్వు చెయ్యి. అయ్యాక వెళ్లిపో.

ఇట్లు,
డార్క్‌రూమ్‌లో నీతో రోజూ పనిపడే మనిషి