బాగుండారా, పొన్నేరి?

ఎన్నికలొచ్చాయని తమిళనాడులోని మా పొన్నేరికి ఒకప్పుడు గోడలు చెప్పేవి. సున్నం కొట్టి, పార్టీ పేరు రాసి, గోడను పట్టేసుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ కబురు జేబు చెబుతోంది. పొద్దున కాఫీ గొంతు దిగకముందే ఫోను వణుకుతుంది. నన్నడక్కుండానే ఎవరో నన్నొక గ్రూపులో చేర్చి ఉంటారు. అందులో గులాబీ పువ్వు, దాని మీద గుడ్ మార్నింగ్, పక్కన చేతులు జోడించిన అభ్యర్థి.

ఆ వెనకే వాయిస్ మెసేజ్. "అమ్మా, అయ్యా, అందరూ బాగుండారా?" అచ్చం మన మాటే! ఐదేళ్ళుగా తమిళం తప్ప పలకని గొంతులో ఇంత తెలుగు ఎక్కడ దాగుందో! "మనవాడే కామోసు" అని మా ఆవిడ మురిసిపోయింది. ఎదురింటి తమిళాయనకు అదే పొద్దున, అదే మనిషి, తమిళంలో "మనవాడు" అయ్యాడు.

అంతా వాయిసే ఎందుకు, తెలుగులో నాలుగు ముక్కలు రాయొచ్చు కదా అంటారా? చదివేదెవరు? 2006 నాటి తమిళనాడు చట్టంతో బడుల్లో తమిళం ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున తప్పనిసరి అవుతూ 2016కు పదో తరగతికి చేరింది. మినహాయింపు కోసం భాషా అల్పసంఖ్యాకులు కోర్టు మెట్లెక్కారు. మా మనవడు తెలుగు గడగడా మాట్లాడతాడు, అక్షరం మాత్రం రాదు. వాళ్ళమ్మకు "ఏం చేస్తుండావు" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాడు. ఈ సంగతి నాకంటే ముందే పార్టీల ఐటీ వింగులు కనిపెట్టాయి.

ఎన్నికల సంఘానికీ ఈ గారడీ తెలుసు. ఆస్తులు, కేసులతో పాటు సోషల్ మీడియా ఖాతాలనూ అభ్యర్థి ఫారం 26లో రాయాలి. ఖాతాలు నడిపేవాళ్ళ జీతాలు కూడా ఖర్చులోకే. శాసనసభ అభ్యర్థికి హద్దు 40 లక్షలు. ఆ మెసేజులు పంచే మా వీధి కుర్రాళ్ళది మాత్రం వట్టి అభిమానం. అభిమానానికి రసీదు ఉండదు. పోలింగు ముగియడానికి 48 గంటల ముందు మైకు మూగబోతుంది గానీ ఫోను నోరు మూస్తుందా?

ఇలాంటి ప్రచారం నడిపే వార్ రూములు మాకు కొత్త కాదు. పొన్నేరి ఉన్న తిరువళ్ళూరు లోక్‌సభ స్థానంలో 2024లో గెలిచిన శశికాంత్ సెంథిల్ మాజీ ఐఏఎస్. అంతకు ముందేడు కర్ణాటకలో కాంగ్రెస్ వార్ రూమ్ నడిపిన మనిషి. మెజారిటీ 5.72 లక్షలు. లైకులు నొక్కితే అంత రాదు లెండి, అప్పుడు వెనక డీఎంకే కూటమి ఉంది.

ఇక నీళ్ళ సంగతి. మా పక్కనే కాట్టుపల్లిలో ఉప్పునీటిని మంచినీళ్ళు చేసే ప్లాంటు 2010 నుంచి ఉంది. రోజుకు 10 కోట్ల లీటర్ల సామర్థ్యం. ఆ నీళ్ళు చెన్నైకి పోతాయి, చెన్నై నుంచి మాకు మెసేజులు వస్తాయి. మా వీధి కుళాయి సంగతి అడుగుదామని ఆ గ్రూపులో టైపు చేయబోయాను. "అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపగలరు" అని వచ్చింది. జనంతో అనుబంధమంటే ఇదన్నమాట: ఆయన మాట్లాడాలి, నేను బొటనవేలు ఎత్తాలి.

గ్రూపులో కుదరదు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. అయ్యా అభ్యర్థి గారూ, ఈసారి వాయిస్ వద్దు. తెలుగులో నాలుగు వాక్యాలు రాసి పంపండి. మా వీధి పిల్లల్లో ఎందరు చదవగలరో మీరే వచ్చి చూడండి. ఆ తర్వాత అడగండి, బాగుండారా అని.