క్యాలెండరు మావ

మా మావ శ్రీముఖలింగంలో ఉంటాడు. గుడికి ఇవతల వీధిలో ఇల్లు, కాస్త నడిస్తే వంశధార. ముప్పై ఏళ్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాడు గానీ చెవిలో బడిగంట ఇంకా మోగుతూనే ఉంది. మనవడు ఫోన్లో గూగుల్ క్యాలెండరు చూపించిన రోజున ఆ గంట మళ్లీ ఆయన చేతికొచ్చింది.

తన క్యాలెండరు తను చూసుకుంటే మనకేం? మావ పంచుతాడు. పంచడంలో నాలుగు మెట్లున్నాయట: ఖాళీయో కాదో మాత్రం చూడొచ్చు, వివరాలన్నీ చూడొచ్చు, మార్చొచ్చు, మార్చి ఇంకొకళ్లకి పంచొచ్చు. మనిషి మీద నమ్మకాన్ని బట్టి మెట్టు. పెద్దల్లుడు పదేళ్లుగా మొదటి మెట్టు మీదే ఉన్నాడు. నాది రెండోది. విశాఖ నుంచి డాలస్ దాకా ఇరవై ముగ్గురం ఆయన రంగుల గళ్లలో ఇరుక్కున్నాం. కొబ్బరికాయలు దింపడం ఆకుపచ్చ, పెళ్లిళ్లు పసుపు, తన బీపీ మాత్ర ఎరుపు. ఆ మాత్రకి అందర్నీ అతిథులుగా పిలిచాడు. పొద్దున్న ఏడున్నరకి ఆయన మింగితే ఇరవై మూడు ఫోన్లు గుటకేస్తాయి. ముఖలింగంలో లింగాలు కోటికి ఒకటి తక్కువంటారు. ఆ తక్కువైన ఒక్కటీ మావ క్యాలెండర్లో వెతకాలి.

పిలుపుకి వస్తాను, రాను, రావచ్చు అని మూడు జవాబులున్నాయి. ఆ మూడోది కనిపెట్టినవాడు మా జిల్లావాడే అయ్యుండాలి. ఇక్కడ ఎవరూ రానని చెప్పరు, వస్తానని మాటివ్వరు. ‘సూద్దాం’ అంటారు. అందరూ మూడోదే నొక్కుతారు. మావకి ఒళ్లు మండుతుంది. ఫోను చేసి మరీ అడుగుతాడు: ‘ఏట్రా అల్లుడా, రావచ్చంటే ఏటి? వస్తావా, రావా? ఇస్తరాకులు నెక్కెట్టుకోవద్దా?’

2025లో శివరాత్రి ఫిబ్రవరి 26న వచ్చింది. మావ జాగారం రాసి, ‘ఏటా’ అని నొక్కాడు. ఆయనకి పంచాంగం రాదని కాదు, ఫోనుకి రాదని మరిచాడు. 2026లో పండగ ఫిబ్రవరి 15కే వచ్చేసింది. మావ దాన్ని కొత్తగా రాశాడు. లింగోద్భవం నడిరాత్రి దాటాక కాబట్టి 16వ తేదీ గడిలో పెట్టాడు. డాలస్ మనవడికి అది 15వ తేదీ మధ్యాహ్నం, సరిగ్గా అన్నం వేళకి మోగింది. అక్కడిదాకా బాగానే ఉంది. జాగారాలయ్యాయి, చక్రతీర్థ స్నానాలయ్యాయి, ఒడిశా జనం మూటలు సర్దుకుని వెళ్లిపోయారు. పదకొండు రోజులకి, 26న, ఇరవై మూడు ఫోన్లూ ఒక్కసారి లేచాయి: ఈ రాత్రి జాగారం.

‘తాతా, శివుడికి మళ్లీ ఏమైంది?’ అన్నాడు మనవడు.

తప్పు ఒప్పుకుంటే మావ మాస్టారెలా అవుతాడు? గంగరాజుల్ని పిలిచాడు. ముఖలింగమే వాళ్ల కళింగనగరం. వాళ్లకి సొంత శకమే ఉండేది, 498 ప్రాంతంలో మొదలైంది. వాళ్ల శాసనాల గుట్టు విప్పిన గిడుగు రామమూర్తి పుట్టింది పక్కనున్న పర్వతాలపేటలో, 1863లో. ఈ మాట చెప్పేటప్పుడు మావ ఛాతీ కొంచెం ముందుకొస్తుంది, ఆ లిపి చదవడానికి దీపం తనే పట్టుకున్నట్టు. ‘ఆ వంశంవాళ్లు ఒడిశా ఎల్లాక రాజు ఏలిన ఏళ్లకి అంకం లెక్క పెట్టినారు. ఒకటి వొదిలేసి రెండు నుంచి మొదలు. ఆరు రాదు, పదహారు రాదు, పది ఉంటాది గానీ ఇరవై ఉండదు. రాజులు అంకెలే మింగేస్తే లేదు గానీ, నాను పదకొండు రోజులు అటూ ఇటూ అయితే తప్పొచ్చేసిందా?’

లెక్క నిజమే. నాకు జవాబు తోచలేదు.

ఇక అత్త. ఆవిడ వరస ఎప్పుడూ తెల్లగా, ఖాళీగా ఉంటుంది. ఏమీ రాయదు కదా! మావ దాన్ని చూపించి పనులు చెబుతాడు. ‘నువ్వు ఖాళీయేనే, ఇదిగో ఇందులో ఉంది.’ ఒక చేత్తో చింతపండు పిసుకుతూ అత్త ఓసారి అడిగింది: ‘నాను ఖాళీగున్నానని ఆ ఫోనుకెవుడు సెప్పినాడు?’

మార్చి 19 ఉగాది. మావ పదహారుమందిని పిలిచాడు, పసుపురంగులో. ఆ సంవత్సరం పేరు పరాభవ. అదేం పేరని ముందే నవ్వుకున్నాం. ముందురోజు రాత్రి అందరి ఫోన్లలో కొత్త గడి పడింది. మనవరాలి చేత అత్త రాయించిందని తర్వాత తెలిసింది. ‘ఉగాది వంట. పొద్దున్న 5 నుంచి. చేసేది: మావ.’ కింద అత్త వరసలో ఇంకొకటి: ‘రోజంతా ఖాళీ లేదు. ఏటికి ఎల్తన్నాను.’

ఆ వంట గడిలో మావ జవాబు కోసం ఇరవై ఇద్దరం కళ్లప్పగించి కూర్చున్నాం. చాలాసేపు ఏమీ రాలేదు. పదకొండు దాటాక వచ్చింది.

రావచ్చు.