కొండను పేల్చి కుండీని పట్టారు

మా ఆఫీసులోకి ప్రకృతి సోమవారం పొద్దున సర్వీసు లిఫ్టులో వచ్చింది. మెయిల్ మాత్రం అంతకు ముందు శుక్రవారమే వచ్చింది. ఉద్యోగుల మానసిక ఆరోగ్యం కోసం ప్రతి అంతస్తునూ అడవిలా మార్చేస్తున్నారట. అందరూ మొక్కల పక్కన నిలబడి సెల్ఫీలు దిగాలి. ఆకులు తుంచకూడదు. కుండీల్లో టీ పారబోయకూడదు. ఆ చివరి షరతు చదివాక, మా మానసిక ఆరోగ్యం ఏ స్థితిలో ఉందో యాజమాన్యానికి ముందే తెలుసని అర్థమైంది.

ఇంతకీ అడవి అంటే డెస్కుకో మనీ ప్లాంటు, వరసకో స్నేక్ ప్లాంటు, మూలకో ఆరెకా పామ్. రిసెప్షన్ గోడకు ప్లాస్టిక్ గడ్డి, దాని మీద 'ఊపిరి పీల్చుకోండి' అని ఇంగ్లిషులో వెలిగే అక్షరాలు. ఈ బిల్డింగులో ఒక్క కిటికీ కూడా తెరుచుకోదు. పీల్చుకోమన్నది మా పక్క టీమువాళ్లు వదిలిన గాలినే. లిఫ్టుల దగ్గర స్పీకర్లో పిట్టలు కూస్తుంటాయి. అర్ధరాత్రి రెండింటికి కూడా కూస్తాయి పాపం, క్లయింటుకు అప్పుడు పగలు కదా. స్నేక్ ప్లాంటు రాత్రిళ్లు కూడా కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుందని మా హెచ్‌ఆర్ మేడమ్ మురిసిపోతూ చెప్పారు. నైట్ షిఫ్టు అలవెన్సు అడగకుండా చేసే జీవి దొరికితే ఎవరికి మాత్రం ముచ్చటగా ఉండదు?

అద్దం అవతల ఉన్నదాని సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి మాదాపూర్ నుంచి ఖాజాగూడ, నానక్‌రాంగూడ దాకా ఎటు చూసినా బండలే. ఎవరో పిల్లవాడు ఆడుకుంటూ ఒకదాని మీద ఒకటి పేర్చి మరిచిపోయినట్టు నిలబడ్డ గ్రానైటు గుండ్లు. వాటి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. డైనోసార్లు వచ్చినా పోయినా కదలని ఆ గుండ్లు రియల్ ఎస్టేటు వచ్చేసరికి కంకరైపోయాయి. మందుపాతర పెట్టి పేల్చి, చదును చేసి, అద్దాల మేడలు లేపాం. ఇప్పుడు మా లాబీలో ఒక చిన్న జలపాతం ఉంది. మోటారు స్విచ్ వేస్తే నీళ్లు పడతాయి. ఆ నీళ్లు దూకే గుండ్లు ఫైబరువి. కొండను తవ్వి ఎలుకను పట్టారని మన పెద్దలు ఎవరినో ఎగతాళి చేశారు. వాళ్లకు ఎలుకైనా దొరికింది.

2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలో ఏం జరిగిందో ఈ ఐటీ కారిడార్‌లో ఎవరినడిగినా చెబుతారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన 400 ఎకరాల చెట్టూ పుట్టా చదును చేసి ఐటీ పార్కులకు ఇద్దామని వరస సెలవులు చూసుకుని జేసీబీలు దింపారు. అడ్డం వెళ్లిన విద్యార్థులను పోలీసులు వ్యాన్లెక్కించారు. చీకట్లో నెమళ్లు అరుస్తున్న వీడియోలు ఫోన్ ఫోన్‌కూ తిరిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేసరికి సుమారు 100 ఎకరాలు బోడి అయ్యాయి. ఆ పార్కులే కట్టి ఉంటే, అందులో చేరిన కంపెనీలు మొదటి ఏడాదే వెల్‌నెస్ బడ్జెట్ తీసి లిఫ్టు దగ్గర స్పీకర్లు పెట్టించేవి. నెమలి కూత రికార్డింగు ఎలాగూ ఫోన్లలో సిద్ధంగా ఉంది.

ఈ కుండీల వెనక సైన్సు లేదనడం లేదు, ఉంది. 1984లో రోజర్ ఉల్రిక్ అనే అమెరికా పరిశోధకుడు పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రి రికార్డులు తిరగేశాడు. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రోగుల్లో సగం మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, సగం మందికి ఇటుక గోడ. చెట్లు చూసినవాళ్లకు గట్టి నొప్పి మందులు తక్కువ పట్టాయి, వాళ్లు త్వరగా ఇంటికెళ్లారు. ప్రపంచమంతా ఆఫీసుల్లో మొక్కలు పెట్టేవాళ్లు చెప్పుకునే అధ్యయనం ఇదే. మన కంపెనీలు దీన్ని శ్రద్ధగా చదివి చెట్టు దగ్గర ఆగిపోయాయి. త్వరగా ఇంటికెళ్లారన్న వాక్యం దాకా ఎవరూ వచ్చినట్టు లేదు. పైగా 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి సరేనంది, వారానికి 48 దాటకూడదన్న షరతుతో. ఆ షరతు మా ఫ్లోరులో వినిపించగానే నవ్విన నవ్వుంది చూశారూ, ఏ మొక్కా ఇవ్వలేని మానసిక ఉల్లాసం అది.

ఇక మొక్కలు గాలి శుభ్రం చేస్తాయన్న మాట 1989 నాటి నాసా నివేదిక నుంచి వచ్చింది. అది మూతేసిన చిన్న గదుల్లో చేసిన ప్రయోగం. 2019లో ఇద్దరు అమెరికా పరిశోధకులు అలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్క కట్టారు. మామూలు బిల్డింగులోకి వచ్చిపోయే గాలి చేసే పని మొక్కలతో చేయించాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలట. అంటే నా సీటు తీసేస్తే తప్ప నా గాలి బాగుపడదు. ఈ లెక్క ఫైనాన్సు వాళ్ల కంట పడకుండా చూడండి. వచ్చే లేఆఫ్ మెయిల్‌లో 'పచ్చదనం కోసం' అని ఉంటుంది.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మా అమ్మ పెరట్లో వేప, జామ, మందారం ఉన్నాయి. ఆదివారం కూడా చీకటి పడ్డాకే చూస్తాను వాటిని. ఆఫీసులో చెట్టు మాత్రం మందట, అదీ నెలవారీ అద్దెకు.

అవును, అద్దెకే. ఆ సంగతి నాకు తెలిసింది మొక్కలకు నీళ్లు పోసే బాబాయ్ వల్ల. ఆయనది కడియం దగ్గర. అక్కడ నర్సరీలో పనిచేసి, ఇక్కడ మొక్కలు అద్దెకిచ్చేవాళ్ల దగ్గర చేరాడు. శుక్రవారం సాయంత్రం ట్రాలీ తోసుకొచ్చి మా ఆరెకా పామ్‌ను ఎత్తి పెడుతున్నాడు. నిక్షేపంలాంటి మొక్కను ఎందుకు తీసేస్తున్నారని అడిగాను.

"నిక్షేపమేంటండీ బాబూ, కొసలు మాడిపోతుంటేనూ! పదిహేను రోజులకి మించి ఇక్కడ ఉంచకూడదండీ. ఎండుండదు, గాలుండదు, రాత్రంతా లైట్లే. నర్సరీకి తీసుకుపోయి నీడలో పెట్టి, మెల్లిగా ఎండ చూపిస్తాం. తేరుకున్నాక మళ్లీ ఎక్కిస్తాం."

"మరి వీటికి టార్గెట్లూ, హెచ్చరిక మెయిళ్లూ ఏమీ ఉండవా బాబాయ్?"

ఆయనకు అర్థం కాలేదు. మా ఫ్లోరులో ఎవరి ఆకులైనా కొసలు మాడితే మూడు నెలల గడువిచ్చి, పనితీరు మెరుగుపరుచుకునే పథకం అని పేరు పెట్టి, ఎందుకు పచ్చగా లేవో వారం వారం రాసివ్వమంటారు. ఎండ చూపిద్దామని ఎవరికీ తోచదు. మొక్క చచ్చిపోతే అద్దెవాడికి నష్టం కాబట్టి దానికి సెలవు కాంట్రాక్టులోనే రాసుకున్నారు. నా ఆఫర్ లెటర్ రాసినవాడికి కడియంలో చుట్టాలెవరూ లేరు.

బాబాయ్ ట్రాలీ లిఫ్టులోకి తోసి, తలుపు చేత్తో ఆపి, నా మొహంలోకి పరీక్షగా చూశాడు.

"మీరూ పాలిపోయి ఉన్నారండీ. ఎండ చూసి ఎన్నాళ్లయిందండీ?"

క్యాలెండర్ చూసి చెబుతానన్నాను.